డిస్క్ దగ్గర నిలబడు, చిట్టీ

చిట్టీ,

బళ్లారి వైపు పెల్లెట్ ప్లాంట్‌లో నీకు ట్రైనీగా ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. వైట్‌ఫీల్డ్‌లో ఏసీ ఆఫీసు వదిలేసి ఆ ఎర్రదుమ్ములోకి వెళ్లడమేంటని ఒకటే గొడవ. నాకూ రాత్రంతా నిద్ర లేదు. కొంత భయం, కొంత గర్వం. మన ఇంట్లో నా తర్వాత ఇనుము పనికి ఎవరూ రారనుకున్నానే!

ఇనుప ఖనిజపు పొడిని మెత్తగా రుబ్బడం, నీళ్లు వడకట్టడం, బెంటొనైట్ అనే బంకమట్టి కలిపి డిస్క్ మీద, అంటే వాలుగా తిరిగే ఆ పెద్ద పళ్లెం మీద, ఉండలు కట్టించడం, జల్లించడం, కాల్చి పెల్లెట్లు చెయ్యడం. ఇదంతా నువ్వు చదువుకున్నదే.

ఖనిజం సంగతి మాత్రం విను. మంగళూరులో నేను చేసినప్పుడు మాకు కుద్రేముఖ్ గని నుంచి మాగ్నటైట్ అనే రకం ఇనుప ఖనిజం వచ్చేది. కాలేటప్పుడు అది గాలిలోని ఆక్సిజన్ పట్టి తనే కొంత వేడి ఇస్తుంది. 2005 చివర్లో ఆ గని మూతపడింది. నువ్వు వెళ్లేచోట ఉండేది హెమటైట్ అనే ఇంకో రకం. అది తనంతట వేడి ఇవ్వదు. 1,250 డిగ్రీలు దాటాలంటే అంతా నువ్వు పెట్టే ఇంధనమే, పొడిలో కలిపే కోక్ బొగ్గు పొడే. అందుకే ఫర్నెస్ మీద అందరికీ టెన్షన్. అసలు తప్పు జరిగేది మాత్రం అంతకుముందే.

ఒక ప్లాంట్‌లో, పేరెందుకులే, వర్షాకాలం. ఫిల్టర్ గుడ్డలు బురదతో మూసుకుపోయి, వచ్చే పొడిలో తడి పెరిగింది. తొమ్మిది శాతం దగ్గర ఉండాల్సింది పది దాటింది. డిస్క్ మీద ఉండలు నిగనిగలాడుతూ ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. షిఫ్ట్ ఇన్‌చార్జ్ కంట్రోల్ రూమ్‌లోంచే బెంటొనైట్ పెంచమన్నాడు. అది నీటిని పీల్చుకుంటుంది కదా, ఉండలు చూడ్డానికి బాగుపడ్డాయి. ఈలోగా ఉత్పత్తి వెనకబడిందని, ఉండల్ని ఫర్నెస్‌లోకి మోసుకెళ్లే కదిలే ఇనప జల్లెడ (గ్రేట్) వేగం పెంచి, ఆరబెట్టేచోట వేడి కూడా పెంచాడు. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై, బయటికి దారిలేక ఉండలు పగిలాయి. ఆ పొడి ఉండల మధ్య సందుల్లో నిండింది. గాలి ఆడలేదు, అడుగు వరస కాలనేలేదు. ఒక్కోటి 250 కిలోల బరువు ఆగాల్సిన పెల్లెట్లు చేత్తో నలిపితే పొడైపోయాయి. మరి ఎక్కువ వేసిన బెంటొనైట్? అందులో ఉన్న సిలికా కొనుక్కున్నవాళ్ల ఫర్నెస్‌లో స్లాగ్ అనే మడ్డిగా తేలుతుంది.

చెయ్యాల్సిందల్లా ఫిల్టర్ గుడ్డలు మార్చడం. డిస్క్ దగ్గర ఉండే పెద్దాయన సాయంత్రమే ఒక ఉండ పిడికిట్లో నొక్కి, తడి అంటిన అరచెయ్యి చూపించి, ‘నీరు జాస్తి సార్’ అన్నాడు. ఆ మాట పైకి వెళ్లలేదు. అతను కాంట్రాక్ట్ మనిషి, అంతే కారణం. ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

నువ్వు కంప్యూటర్ల మధ్య పెరిగినదానివి, స్క్రీన్ మీద అంకె కనబడితే నమ్మేస్తావు. ఆ అంకె ఇచ్చే తడి మీటర్ కూడా మనుషులు సరిచూస్తేనే నిజం చెబుతుంది. షిఫ్ట్ ఎక్కగానే డిస్క్ దగ్గరికి వెళ్లు. ఉండను గోరుతో చీల్చి లోపల చూడు. 45 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఇనప పలక మీద వదిలి, ఎన్నోసారి పగులుతుందో లెక్కపెట్టు. అక్కడి పనివాళ్లని అడుగు, ‘అన్నా’ అని పిలిచి అడుగు. నీ కన్నడ బెంగళూరు కన్నడే అయినా ఫర్వాలేదు.

ఇంకొకటి, నా మీద ఒట్టు. బెల్ట్ తిరుగుతుండగా పుల్లీ కింద రాలినదాన్ని పారతో తియ్యొద్దు, ఎవర్నీ తియ్యనివ్వొద్దు. కరెంట్ ఆపి, నీ తాళం నువ్వే వేసి, తాళంచెవి నీ జేబులో పెట్టుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఆపే తాడు ఎక్కడుందో మొదటిరోజే చూసుకో. చున్నీ వద్దు, జడ హెల్మెట్ లోపలికి. ఒకతని చెయ్యి పోవడం నా కళ్లతో చూశాను తల్లీ. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దుమ్ములో మాస్క్ తీసెయ్యకు. తిండి మానకు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఆదివారం మత్తికెరె రా, ఆఫర్ లెటర్ తీసుకుని. క్వార్టర్ ఇస్తారో లేదో, రాత్రి షిఫ్ట్‌కి బండి ఉందో లేదో చూద్దాం. సేఫ్టీ షూ ఆడపిల్లల సైజులో స్టోర్‌లో ఉండకపోవచ్చు. హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కకముందే ఇక్కడే కొనిపెడతాను.

మీ పెదనాన్న