రాతప్రతిని ఎడిటరు చేతిలో పెట్టేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన నవల మొదటి ఐదు అధ్యాయాలూ అందాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటలనూ, పలాసలో జీడిపప్పు వొలిచే ఆడవాళ్ళ బతుకునూ వస్తువుగా తీసుకున్నందుకు ముందుగా నా అభినందనలు. ఆ పనిచేసే చేతులను నువ్వు దగ్గరగా చూశావని ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. సొంత డబ్బుతో పుస్తకం వేసుకుంటున్నావు కనుక దానిలో కొంత ఎడిటరుకు కేటాయించాలా, కేటాయిస్తే ఆ మనిషిని ఎలా ఎంచుకోవాలి, ఆ తర్వాత నవల నీదిగా మిగులుతుందా అని అడిగావు. ఎడిటరును తప్పకుండా పెట్టుకో. కాని ఇప్పుడే వద్దు, అచ్చువేసేవాళ్ళు నీ ముందుంచిన ప్యాకేజీలో భాగంగా అసలే వద్దు.

ఒకప్పుడు మన రచయితకు ఈ ఖర్చు తెలియదు. పత్రిక జీతమిచ్చి పెట్టుకున్న సంపాదకుడే కథను చదివి, కత్తిరించి, అవసరమైతే వెనక్కి పంపి మళ్ళీ రాయించేవాడు. 1947లో మొదలైన చందమామలో కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పనిచేశారు. బయటినుంచి వచ్చిన కథలను ఆయన తేట తెలుగులో తిరగరాసేవారు, అందుకే ఎవరు పంపిన కథైనా చందమామ కథలాగే ఉండేది. పిల్లల పత్రికకు అది గొప్ప సేవ. నీ నవలకు కావలసింది మాత్రం దీనికి పూర్తిగా భిన్నమైనది: ఎడిటరు పని అయిపోయాక కూడా అది నీ గొంతుతోనే, నీ ఊరి గొంతుతోనే వినిపించాలి. వారపత్రికలు ఒకటొకటిగా మూతపడి, పుస్తకాలు చాలావరకు రచయితల సొంత ప్రచురణలైపోయిన ఈ రోజుల్లో రాతప్రతికీ పాఠకుడికీ మధ్య నిలబడే మనిషే లేకుండా పోయాడు. ఆ ఖాళీలో డీటీపీ చేసినవారు, అంటే కంప్యూటరులో పుస్తకం టైపు చేసి పేజీలు కట్టేవారు, చూసిన ప్రూఫునే ఎడిటింగ్ అనుకునే అలవాటు మనలో పాతుకుపోయింది, నన్ను బాధపెట్టేది ఇదే.

ప్రూఫు చూసేవారు ‘అర్ధం’ అని పడినచోట ‘అర్థం’ అని దిద్దుతారు, ‘ప్రధమ’ను ‘ప్రథమ’ చేస్తారు, జారిపోయిన ఒత్తునూ దీర్ఘాన్నీ పట్టుకుంటారు. అది అవసరమే, కాని అది చిట్టచివరి పని. దానికి ముందు భాష దిద్దే పని ఉంటుంది, దానికీ ముందు నవల మొత్తాన్ని ఒక్కచూపున చూసి, కథ ఎక్కడ నిలబడిందో, ఎక్కడ కుంగిందో చెప్పే పని ఉంటుంది. ఈ మొదటి పనికి మనలో ఎవరూ డబ్బు ఖర్చుపెట్టరు. నీకు అన్నిటికన్నా ఎక్కువ అవసరమైనది అదే.

ఎందుకంటున్నానో నీ అధ్యాయాలతోనే చెబుతాను. మూడో అధ్యాయంలో దసరా సెలవులకు ఇంటికొచ్చిన అమ్మాయి తోటలో రాలిన జీడిపళ్ళు ఏరుతుంది. దృశ్యం అందంగా ఉంది, కాని జీడి వేసవి పంట అని నాకంటే నీకే బాగా తెలుసు. ఐదో అధ్యాయంలో తిత్లీ తుఫాను వస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను వేళ్ళతో సహా చెట్లను పెళ్ళగించిన తీరును నువ్వు రాసిన పేజీలు చదివి నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టవలసి వచ్చింది. అయితే అదే అధ్యాయం చివర, మరుసటి వేసవిలో ఆ తోట పంట అమ్మి తండ్రి అప్పు తీరుస్తాడు. కూలిపోయిన తోట స్థానంలో కొత్తగా నాటిన జీడిమొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది కదా, ఆ పంట ఎక్కడినుంచి వచ్చింది? మంచి ఎడిటరు ఈ ప్రశ్నను మార్జిన్‌లో రాసి ఊరుకుంటాడు, జవాబు తానే రాసి పెట్టడు. ఆ జవాబు వెతుక్కునే క్రమంలో, పంటలేని ఆ మూడేళ్ళు ఆ కుటుంబం ఎలా బతికింది, ఎవరు వలస వెళ్ళారు, ఎవరు పొయ్యి దగ్గర మిగిలారు అన్నది నువ్వు రాయవలసి వస్తుంది. నీ నవలకు అసలు కథ అక్కడే దొరుకుతుందని నా నమ్మకం. ఇలాంటి ఒక్క ప్రశ్న వంద అచ్చుతప్పుల సవరణకన్నా విలువైనది.

భాష దిద్దే పని విషయంలో నీకు రెండు వాక్యాలు చూపించాలి. నాలుగో అధ్యాయంలో నువ్విలా రాశావు: “చిన్నమ్మి తన రెండు కళ్ళలోంచి ధారగా కారుతున్న కన్నీళ్ళను తన చీర కొంగుతో తుడుచుకుంటూ, గుండెల నిండా బాధతో, భారమైన అడుగులు వేసుకుంటూ నెమ్మదిగా ఇంట్లోకి నడిచి వెళ్ళింది.” దీనిని “చిన్నమ్మి కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది” అని కుదించే ఎడిటరు నీకు మేలు చేస్తున్నట్టే. ఆ బాధ అంతకుముందు పేజీలో కూలి లెక్క చూసుకున్నప్పుడే పాఠకుడికి అందిపోయింది, దాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పేకొద్దీ పలచబడుతుంది. ఇంకొక వాక్యం అదే చిన్నమ్మి నోటిది: “సొన తగిలి సేతులు బొబ్బలెక్కిపోనాయి గాని కూలి పెంచనేదు.” దీనిని “జీడి రసం తగిలి చేతులు బొబ్బలెక్కాయి కానీ వేతనం పెంచలేదు” అని మార్చే ఎడిటరును, ఎంత పేరున్నవాడైనా సరే, నీ రాతప్రతి దగ్గరకు రానివ్వకు. ఆ మార్పులో ఒక్క వ్యాకరణ దోషమూ పోలేదు, పోయింది చిన్నమ్మి.

మాండలికం విషయంలో ఇంతకన్నా సున్నితమైన సంగతి ఒకటి ఉంది. చిన్నమ్మి మొదటి అధ్యాయంలో ‘నేదు’ అంటుంది, నాలుగో అధ్యాయంలో రెండుచోట్ల ‘లేదు’ అంటుంది. విశాఖపట్నంలో చదువుకున్న ఆమె కూతురు ఎప్పుడూ ‘లేదు’ అనే అంటుంది. కూతురిది నువ్వు కావాలని చేసిన తేడా, తల్లిది పొరపాటున దొర్లినది అని నా ఊహ, కాని అది ఊహ మాత్రమే. బయటివాళ్ళ ముందు తల్లి తన మాట మార్చుకుంటోందని చెప్పడం నీ ఉద్దేశమైనా కావచ్చు. పాత్ర పాత్రకూ ఏ మాట ఎలా పలికిస్తున్నావో ఒక పట్టిక రాసి రాతప్రతితోపాటు ఇవ్వు. ‘వచ్చీసినాడు’, ‘అయిపోనాది’, ‘ఏటి’ వంటి రూపాలు ఎవరి నోట ఎప్పుడు రావాలో అందులో ఉంటే, ఎడిటరు తన ఇష్టాన్నిబట్టి కాక నీ పట్టికనుబట్టి దిద్దుతాడు. ఉత్తరాంధ్ర పలుకుబడి చెవిన పడిన ఎడిటరు దొరికితే మరీ మంచిది. కొత్తగా వచ్చిన ఏఐ సాధనాలతో దిద్దించుకోవచ్చా అని కూడా అడిగావు. అచ్చుతప్పులు వెతకడానికి కొంత పనికొస్తాయేమో కాని, మాండలికాన్ని పత్రికల భాషలోకి చదును చేయడం వాటి స్వభావం. నీ నవలకు ఆ చదునే ప్రమాదం.

ఇక ఎంపిక సంగతి. పేరును చూసి ఒప్పుకోకుండా, ముందు పదిపేజీల నమూనా దిద్ది చూపించమని అడుగు, దానికి డబ్బు ఇస్తానని కూడా చెప్పు. అందులో సంభాషణ ఎక్కువగా ఉన్న పేజీలు కొన్ని, వర్ణన ఉన్న పేజీలు కొన్ని ఉండాలి. తిరిగి వచ్చిన పేజీల్లో ఎన్ని దిద్దుబాట్లున్నాయని లెక్కపెట్టకు, ప్రశ్నలు ఉన్నాయా లేవా చూడు. ఒక్క ప్రశ్నైనా లేకుండా పేజీ నిండా సవరణలే ఉంటే, ఆ మనిషి నీ నవల చదవలేదు, వాక్యాలు మాత్రమే చదివాడు. ఆ ఎడిటరు ఇంతకుముందు పనిచేసిన ఒకరిద్దరు రచయితలతో మాట్లాడడానికి మొహమాటపడకు.

తెలుగులో ఈ పనికి స్థిరమైన రేటంటూ లేదు. పేజీకి ఇంతని అడిగేవారితో పదాల లెక్కన మాట్లాడుకో, ఎందుకంటే అక్షరం సైజు మారితే పేజీల సంఖ్యా మారిపోతుంది. ఏ పని చేస్తారు, ఎన్నిసార్లు చదువుతారు, ఎప్పటికి ఇస్తారు, డబ్బు ఎన్ని విడతలు అన్నది ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి. అచ్చు ప్యాకేజీల్లో ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్యకు, కూడా ధర వేసి చూపిస్తుంటారు. మన దేశంలో ఆ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, నువ్వే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ మిగిలే డబ్బును ఎడిటరుకు ఇవ్వు.

నవల నీదిగా మిగులుతుందా అన్న నీ భయానికి చట్టంలో జవాబుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, నువ్వు రాతపూర్వకంగా సంతకం చేసి ఇస్తే తప్ప హక్కు మరొకరికి బదిలీ కాదు, అది 19వ సెక్షన్. ఒకవేళ హక్కు బదిలీ చేసినా, నీ పేరుకు మచ్చ తెచ్చేలా రచనను వక్రీకరిస్తే అడ్డుకునే అధికారం 57వ సెక్షన్ నీకు మిగిల్చింది. కనుక సంతకం చేసే కాగితంలో హక్కులను గురించిన వాక్యం ఏదైనా ఉంటే రెండుసార్లు చదువు. ఎడిటరుకు పారితోషికమూ, పుస్తకంలో పేరూ దక్కాలి, నువ్వు ఇవ్వవలసింది అంతవరకే.

పని మొత్తం యూనికోడ్‌లో, వర్డ్ ఫైల్‌లో, ట్రాక్ చేంజెస్ ఆన్ చేసి జరగాలి, అప్పుడే ప్రతి మార్పూ నీ కంటికి కనబడుతుంది. పేజీలు కట్టేటప్పుడు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోకి మార్చవలసి వస్తే ఒత్తులు తారుమారవుతాయి కనుక ప్రూఫు ఆ తర్వాతే చూడాలి, అదీ కాగితం మీద. ఎడిటరునుంచి ఫైలు రాగానే ‘అన్నీ అంగీకరించు’ అనే మీట నొక్కవద్దు. కోపం వచ్చిన సవరణలను ఒక పక్కన గుర్తుపెట్టుకుని, వారం తర్వాత మళ్ళీ చూడు. అప్పటికీ ఒప్పుకోలేకపోతే ఎందుకో ఒక వాక్యంలో రాసి నీ మాటే ఉంచుకో. కారణం రాయలేకపోతే ఎడిటరు మాట తీసుకో.

ఇప్పుడే వద్దని ఎందుకన్నానంటే, నీకై నువ్వు దిద్దుకోగలిగిన దానికి ఇంకొకరికి డబ్బివ్వడం నాకు ఇష్టం లేదు. ముందు చివరి అధ్యాయం దాకా రాసెయ్యి. నెలరోజులు దాని జోలికి పోకుండా, తర్వాత మొదటినుంచి పైకి చదువు. నీ నాలుక తడబడినచోటల్లా పెన్సిలు గీత పెట్టు. కార్తెలు, పంటలు, పండుగలు, పాత్రల వయసులు ఒక క్యాలెండరు మీద వేసి సరిచూసుకో. పలాసలో పిక్కలు వొలిచే పని తెలిసిన ఒకరికి సంభాషణలు మాత్రం చదివి వినిపించు.

తుఫాను అధ్యాయం తిరగరాయగానే నాకు పంపు. ఎడిటరుకు నమూనాగా ఏ పదిపేజీలు ఇవ్వాలో అది చూశాక ఇద్దరం కలిసి నిర్ణయిద్దాం.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి