పైరైట్: మీ కొండజాతికి సరిపోయే ఉపయోగాలు

మీ కథలోని కొండజాతికి బంగారం లేదు, బంగారంలా మెరిసే ఇనుము-గంధకపు ఖనిజమైన పైరైట్ గుట్టలే ఉన్నాయి. బంగారమని మోసం చేయడానికి తప్ప అది దేనికి పనికొస్తుందని అడిగారు. ముందు నిప్పు సంగతి చూడండి. చెకుముకి రాయితో కొడితే రవ్వలు లేస్తాయి. 16వ శతాబ్దపు చక్రపు తుపాకుల్లో (తిరిగే చక్రం ఒరుసుకుని రవ్వలు పుట్టించే రకం) మందు అంటించింది ఈ పైరైటే.

నాకైతే సిరా దారి ఇంకా నచ్చింది. గుట్టలుగా పోసి గాలికి, తడికి వదిలేస్తే మెల్లగా అన్నభేది (ఒక ఇనుప లవణం) పుడుతుంది. అందులో వగరు కాయల రసం కలిపితే నల్ల సిరా. రాజ్యాల దస్తావేజులన్నీ మీవాళ్ల చేతిలో ఉన్నట్టే! కానీ ఆ గుట్టల నుంచి కారే ఆమ్లపు నీటికి దిగువ వాగు ఎర్రబారి చేపలు చస్తాయి. తగువు రెడీ.

మీ కథలో వర్తకుడు పైరైట్‌ను రేకుగా సాగగొట్టే సన్నివేశం మాత్రం తీసేయండి. సుత్తి దెబ్బకు బంగారం సాగుతుంది, ఇది పొడైపోతుంది.