కథ చెప్పకు, ఒక పేరా వినిపించు

తమ్ముడూ,

‘నాకు నచ్చిన ఈనాటి నవలలు’ అని నువ్వు పంపిన వ్యాసం చదివాను. నాలుగు పేజీల్లో తొమ్మిది నవలలు. ‘గుండెను పిండేసింది’, ‘కింద పెట్టనివ్వదు’, ‘ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి’ అన్నవి పేజీ పేజీకీ తగిలాయి. తొమ్మిది నవలల్లోంచి ఎత్తి రాసిన వాక్యం మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ‘కొండపొలం’ మీ అమ్మగారికి చదివి వినిపిస్తుంటే ఒక మాట దగ్గర ఆపి, ‘అట్ల గాదురా’ అని ఆవిడే దాని పలుకు సరిచేసిందని రాశావు. ఆ రెండు లైన్లు లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. కానీ ఆ మాటేమిటో రాయలేదు! ఏ సందర్భంలో వచ్చిందో, ఎవరు ఎవరితో అన్నదో, ఆవిడ ఎలా పలికిందో ఏదీ లేదు. వ్యాసమంతటికీ ప్రాణమైన చోటు దాటేసి, మళ్లీ ‘అద్భుతమైన నవల’లోకి వెళ్లిపోయావు.

నవలను తోటి పాఠకుడికి పంచడమంటే దాని గొంతు వినిపించడం. నేను ఇంకేదీ ఒప్పుకోను. ‘కరువుకాలంలో జీవాలను నల్లమలకు తోలుకెళ్లిన చదువుకున్న కుర్రాడి కథ’ అని నువ్వు రాసిన వాక్యంలో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ఎక్కడున్నాడు? అదే కథను చేతకానివాడు రాసినా దాని సారాంశం అచ్చం ఇలాగే ఉంటుంది. విశేషణాలు గుప్పిస్తే పెళ్లిళ్ల పేరయ్య చెప్పే గుణగణాల్లా ఉంటుంది. పిల్లను మాట్లాడనిస్తే సగం సంగతి తేలిపోతుంది కదా.

అందుకని ముందు పేరా ఎంచుకోవడం నేర్చుకో. మొదటి చదువులో పుస్తకంలో గీతలు పెట్టకు. ఒక చీటీ పెట్టుకుని, ఆగాలనిపించిన చోటల్లా పేజీ నంబరు మాత్రం వేసుకో. 250 పేజీల నవలకు పదిహేనో ఇరవయ్యో నంబర్లు వస్తాయి. ముగించాక రెండు మూడు రోజులు వదిలేసి ఆ పేజీలే మళ్లీ చదువు. సగం రాలిపోతాయి. అక్కడ నిన్ను ఆపింది కథ మలుపే తప్ప రాసిన తీరు కాదని అప్పుడు తెలుస్తుంది. మిగిలినవాటిలో నవల మొదటి నాలుగో వంతులో ఉన్నవి ఉంచుకుని తక్కినవి కొట్టేయి. చివరి భాగంలోంచి ఎత్తితే గుట్టు విప్పినట్టవుతుంది, లేదా ముందు జరిగిందంతా చెప్పాల్సివస్తుంది. రెండు వాక్యాల పరిచయంతో నిలబడని పేరా పనికిరాదు.

ఇంకో జాగ్రత్త. అధ్యాయం చివరి వాక్యాల జోలికి పోకు. రచయితలు అక్కడ మెరుగు ఎక్కువ పెడతారు, నాతో సహా. సూక్తిలా వినిపించే వాక్యాలూ వద్దు. ఈమధ్య ఒక ఫ్యాషన్ వచ్చింది. నవలలోంచి ‘జీవితమంటే...’ అనే లైను ఒకటి ఏరి, వెనకాల సూర్యాస్తమయం పెట్టి, పక్కన కాఫీ కప్పు పెట్టి పంచుతారు. అలాంటి లైన్లు ఏ నవలలోనైనా ఇమిడిపోతాయి, అందుకే ఏ నవల గురించీ చెప్పవు. ఒక మనిషి పనిచేస్తున్న పేరా, లేకపోతే ఇద్దరు దేనికోసమో బేరమాడుతున్న పేరా వెతుకు. గొర్రెకు కాలు విరిగితే కట్టు కట్టడమో, సంతలో ధర తెగకపోవడమో. రచయితకు తన లోకం ఎంత తెలుసో అక్కడ బయటపడిపోతుంది.

నిడివి 50 నుంచి 80 పదాలు. అంతకన్నా తక్కువైతే గొంతు పట్టుబడదు, ఎక్కువైతే పాఠకుడు దాటేసి కిందికి పోతాడు. వ్యాసంలో మొదటి రెండు మూడు వాక్యాలయ్యాక పెట్టు, చివరికి నెట్టకు. అక్షరం తప్పకుండా ఎత్తి రాయి. ఫోనులో టైపు చేసేటప్పుడు కీబోర్డు తనకు తెలిసిన మాట పెట్టేస్తుంది. యాస ఉన్న నవలలో ఇది మరీ ప్రమాదం. ‘పోతాండాడు’ అని ఉన్నచోట ‘పోతున్నాడు’ పడుతుంది, నువ్వు గమనించవు. రాశాక పుస్తకం పక్కన పెట్టుకుని మాట మాటా వేలితో సరిచూడు. మధ్యలో వాక్యం వదిలేస్తే చుక్కలు పెట్టు. యాస మాటకు అర్థం పక్కన బ్రాకెట్లో ఇరికించకు, పేరాకు ముందు నువ్వు రాసే వాక్యంలోనే ఆ మాట ఒకసారి వాడెయ్యి. అర్థం దానంతటదే తెలుస్తుంది.

ఇంత జాగ్రత్తగా పంపినా పత్రికల డెస్కుల్లో ఏం జరుగుతుందో చెప్పనా? స్థలం చాలకపోతే ముందు కత్తిరించేది ఆ పేరానే. ‘మీ మాటల్లో రాయండి, పుస్తకంలోది ఎందుకు’ అంటారు. కత్తిరించకపోతే దిద్దుతారు. కడప మాటకు కృష్ణా జిల్లా ఇస్త్రీ చేసి, అచ్చుతప్పు సవరించామని సంతోషిస్తారు. సమీక్షకు మూడొందల పదాలు కేటాయించి, అందులో రచయిత పొందిన అవార్డుల జాబితా ఉండితీరాలంటారు. కాబట్టి వ్యాసం పైన ఒక గమనిక రాయి: ‘కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది నవలలోని పాఠం, మార్చవద్దు.’ మారిస్తే నీ తప్పు కాదని రుజువుంటుంది, అంతే.

పేరా పెట్టాక దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఎవరు చెబుతున్నారు, ఎంత దగ్గర్నుంచి చూస్తున్నారు, కథ ఎంత కాలంలో జరుగుతుంది. డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ గురించి నువ్వు ‘మనిషికీ ప్రకృతికీ మధ్య పోరాటం’ అన్నావు. ఆ ముక్క ఎన్ని పుస్తకాలకైనా అతుకుతుంది. తప్పిపోయిన చూలు పంది కోసం అడవిలోకి వెళ్లిన ముసలివాడు, ఒక రోజు దాటని కాలం, ఆ ముసలివాడికి పేరైనా లేకపోవడం. ఇవి చెబితే పాఠకుడికి నవల ఆకారం కళ్లకు కడుతుంది. అంత తక్కువ కాలంలో నవలంతా ఎలా నిలబెట్టాడని కుతూహలం పుడుతుంది. ఈ నవల పేరెత్తగానే హెమింగ్వే నవల ‘ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ’లోని ముసలివాణ్ణీ సముద్రాన్నీ పక్కన నిలబెట్టడం మన సమీక్షకులకు అలవాటైపోయింది. నువ్వూ అదే చేశావు. చిత్తూరు పల్లెలో పందులు కాసేవాడి కథకు క్యూబా జాలరి సిఫారసు ఎందుకయ్యా?

జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ లాంటి నవలకు వేరే సాయం కావాలి. అది రూతు అనే ఆమె జ్ఞాపకాల్లోంచి తరాలు తరాలుగా నడుస్తుంది. కాలం ముందుకీ వెనక్కీ పోతుంది. కొత్త పాఠకుడికి ఎవరి కొడుకు ఎవరో గజిబిజి అవుతుంది. పరిచయంలో వంశక్రమం ఒక్క వాక్యంలో ఇచ్చేస్తే వాడు ఇరవయ్యో పేజీ దగ్గర పుస్తకం మూసెయ్యడు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ కూడా అంతే. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం, హండె రాజుల పాలన, కులాలూ వృత్తులూ పాత్రలూ బోలెడు. దానికి 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందని రాశావు. మంచిదే, కానీ ఆ సమాచారంతో పాఠకుడు ఒక్క పేజీ కూడా తిప్పలేడు. గుర్తుపెట్టుకోవాల్సిన అయిదు పేర్లు, ఎవరు ఏ పని చేసేవారు అన్నది ఇస్తే తిప్పుతాడు.

కథ ఎంత చెప్పాలన్నది నువ్వడిగిన ప్రశ్న. నాలుగో వంతు దగ్గర ఆగిపో. నాలుగొందల పేజీల నవలైతే వందో పేజీ తర్వాత జరిగింది నీ వ్యాసంలో రాకూడదు. ‘కొండపొలం’ పరిచయంలో కుర్రాడు చివరికి ఏమవుతాడో నువ్వు మూడో వాక్యంలోనే చెప్పేశావు. అడవిలో అతను మారే క్రమమే కదా ఆ నవల? గమ్యం ముందే చెప్పేస్తే దారంతా ఎవరు నడుస్తారు? పైగా అందులో ప్రేమకథ చక్కగా పండిందన్నావు. అది 2021లో క్రిష్ తీసిన సినిమా కోసం చేర్చింది, నవలలోది కాదు. సినిమాగా వచ్చిన నవలల గురించి రాసేవాళ్లు తరచూ జారే చోటిది. పుస్తకం చదివి నెలలవుతుంది, సినిమా మొన్న చూసుంటారు, రెండూ కలిసిపోతాయి. రాసే ముందు పాత్రల పేర్లు పుస్తకంలో ఇంకోసారి చూసుకో.

ఎక్కడ కష్టమో దాచకు. ‘కింద పెట్టనివ్వదు’ అని నువ్వు నమ్మబలికిన నవలను పాఠకుడు నలభయ్యో పేజీలో కింద పెడితే, నీ తర్వాతి సిఫారసు నమ్మడు. గీతాంజలి శ్రీ హిందీ నవల ‘రేత్ సమాధి’నే తీసుకో. 2018లో వచ్చింది, ఇంగ్లిష్ అనువాదానికి 2022లో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చింది. భర్త పోయిన ముసలామె మొదటి భాగంలో చాలాసేపు గోడవైపు తిరిగి పడుకునే ఉంటుంది, లేవదు. వాక్యాలు మెలికలు తిరుగుతాయి. ఈ సంగతి ముందే చెప్పి, ఆమె లేచేదాకా ఓపిక పట్టమను. పాఠకుడు ఓపిక పడతాడు. చెప్పకపోతే తనకే అర్థంకాలేదని సిగ్గుపడి ఊరుకుంటాడు. ఈ నవల నువ్వు ఇంగ్లిష్‌లో చదివి, అనువదించిన డైసీ రాక్‌వెల్ పేరు మచ్చుకైనా ఎత్తలేదు. ఆ బహుమతి 50,000 పౌండ్లను రచయితకూ అనువాదకులకూ సమానంగా పంచుతారు. బహుమతి ఇచ్చేవాళ్లకున్న బుద్ధి మనకుండక్కర్లేదా? అనువాదంలో చదివిన నవలకు ‘శైలి నదిలా సాగింది’ అని రాసేటప్పుడు ఆ నది ఎవరిదో కూడా చూసుకోవాలి.

నవలకు నక్షత్రాలు వెయ్యకు. అయిదుకు మూడున్నర అంటే ఏమిటో వేసినవాడికే తెలియదు. దాని బదులు ఎవరికి నచ్చదో ఒక్క వాక్యంలో రాయి: చరిత్ర నవలల్లో తేదీలు, ఆధారాలు కోరేవాళ్లకు, పెంపుడు జంతువుల బాధ చదవలేనివాళ్లకు, సంభాషణలు లేకపోతే ముందుకు పోలేనివాళ్లకు. ఈ ఒక్క వాక్యం మిగతా వ్యాసాన్ని నమ్మిస్తుంది.

చివర్లో పుస్తకం వివరాలు. రచయిత, అనువాదకుడు, ప్రచురణకర్త, ఏ ముద్రణ, పేజీలు, వెల, ఎక్కడ దొరుకుతుంది. ఇందులో నువ్వు వెల తప్ప ఏదీ ఇవ్వలేదు. పేజీ నంబరు ఇచ్చేటప్పుడు ఏ ముద్రణో చెప్పకపోతే ఆ నంబరు వృథా. మళ్లీ అచ్చువేసినప్పుడు అక్షరం సైజు మారి పేజీలు జరుగుతాయి. తెలుగు నవల ఇప్పుడు అయిదొందలో వెయ్యో ప్రతులు వేస్తారు. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చి, ఊరూరా చదివాక పుస్తకమయ్యే కాలం పోయింది. నువ్వు రాసేనాటికి ప్రతులు అయిపోయి ఉండొచ్చు, దుకాణానికి ఒక ఫోను చేసి కనుక్కో. లేకపోతే లేదని రాయి. డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలప్పుడు పాత ప్రతులు బయటికొస్తుంటాయి, అదైనా చెప్పు.

పీడీఎఫ్ పంపవా అని నీ స్నేహితులు అడుగుతున్నారన్నావు. పంపకు. వెయ్యి ప్రతుల నవలకు రెండొందల పీడీఎఫ్‌లు తిరిగితే రెండో ముద్రణ గురించి ప్రచురణకర్త ఆలోచించడు. పది పేజీలు ఫోటోలు తీసి పెట్టడమూ అంతే. సమీక్ష కోసం కొంత పాఠం న్యాయంగా వాడుకోవడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. నేను చెప్పిన 80 పదాలకు ఏ భయమూ అక్కర్లేదు.

మీ ఊరి గ్రంథాలయంలో నెలకోసారి పదిమంది కూచుంటారట కదా. అక్కడ ఉపన్యాసం మానేసి మూడు పేజీలు పైకి చదువు. మామూలు సైజు పుస్తకంలో పేజీకి రెండు, రెండున్నర నిమిషాలు పడుతుంది కాబట్టి ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. ముందురోజు ఇంట్లో రెండుసార్లు చదివి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకో. సంభాషణలకు గొంతులు మార్చకు, నాటకమైపోతుంది. నీది కాని యాసను అనుకరించకు. ఆ ప్రాంతం మనిషి ఎవరైనా ఉంటే వాళ్లచేత చదివించు. చదివాక వెంటనే ‘ఎలా ఉంది’ అని అడిగితే అందరూ బాగుందనేస్తారు. ‘ఈ మనిషి తర్వాత ఏం చేస్తాడనుకుంటున్నారు’ అని అడుగు. వాదన మొదలైతే పుస్తకం ఎవరో ఒకరు పట్టుకుపోతారు. పట్టుకుపోయినవాళ్ల పేరూ తేదీ రాసుకో, పుస్తకాలు తిరిగిరావు.

నువ్వడిగిన కలం పేరు సంగతి, పోటీల సంగతి తర్వాత చూద్దాం. తొమ్మిది నవలల్లో ఎనిమిది తీసెయ్యి. ‘కొండపొలం’ ఒక్కటే ఉంచి ఆరొందల పదాల్లో మళ్లీ రాయి. అమ్మగారు ఆపిన మాట ఉన్న పేరానే ఎత్తుకో. వ్యాసంతో పాటు నీ ప్రతిని కూడా పోస్టులో పంపు. ఆ పేరా పుస్తకంతో సరిచూశాకే మిగతాది చదువుతాను.