మోకాళ్ల ఆపరేషన్‌కు అర ఎకరా అమ్మాలా?

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. మా ఆయనకు 57 ఏళ్లు, నాకు 49. సొంత పొలం 3 ఎకరాలు, కౌలుకు ఇంకో 2 ఎకరాలు. అంతా వరే. ఆయనకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, ఆపరేషన్‌కు 4 లక్షలవుతుందని ప్రైవేటు ఆసుపత్రిలో చెప్పారు. ఆయన బురదలో దిగలేక, పోయిన ఏడాది నీళ్లు కట్టడానికి, గెనిమలు (పొలం గట్లు) చెక్కడానికి, మందు కొట్టడానికి మనిషిని పెట్టుకుంటే 36 వేలయింది. పాలు పిండేవాళ్లు లేక ఒక బర్రెను అమ్మేశాం. దానిమీద ఏటా 30 వేలు మిగిలేవి. అర ఎకరా అమ్మాలా? రెండు రూపాయల వడ్డీకి తేవాలా? ఇప్పుడు ఇన్సూరెన్స్ కడితే పనికొస్తుందా?

జవాబు: అమ్మా, పొలం అమ్మకండి. రెండు రూపాయల వడ్డీ జోలికైతే అసలే పోకండి. 4 లక్షలకు నెలకు 8 వేలు, ఏడాదికి 96 వేలు. వడ్లు కొలిచే మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు పూర్తిగా చేతికొచ్చినా పుట్టికి 20 వేల చిల్లరే. అసలులో రూపాయి తీరకుండానే ఏటా దాదాపు ఐదు పుట్ల వడ్లు వడ్డీకే కొలవాలి.

అలాగని ఆ మోకాళ్లను అలాగే వదిలేయమనడం లేదు. కూలి 36 వేలు, బర్రె మీద పోయిన 30 వేలు కలిపితే ఏటా 66 వేలు ఇప్పటికే పోతున్నాయి. ఆరేళ్లు ఇలాగే గడిస్తే ఆపరేషన్ ఖర్చంత అవుతుంది, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మీ కౌలు పొలం. దున్నకం, నాట్లు, ఎరువులు, కోత మిషను, కౌలు అన్నీ పోగా అందులో మిగిలేదేమిటో ఒకసారి కాగితం మీద వేసి చూడండి. చాలా ఇళ్లలో ఆ మిగులు లాభం కాదు. ఇంటాయన తెల్లవారుజామునే పోయి నీళ్లు మళ్లించి, గండి పూడ్చి, వీపున పంపు వేసుకుని మందు కొట్టిన కూలి. ఎవరూ లెక్క రాయని కూలి. ఆ పనికి మనిషిని పెట్టారంటే మిగులంతా అక్కడికే పోతుంది. పైగా వర్షమొచ్చి పంట పడిపోతే నష్టం మీదే. అందుకే వచ్చే కారుకు ఆ 2 ఎకరాలు వదిలేయండి. మీ ఆయనకు కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు. అయినా ముందు తగ్గించాల్సింది అదే.

సొంత పొలంలో మందు డ్రోన్‌తో కొట్టించండి. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద భారం సుమారు 4 కిలోలు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అలాంటిది, నిండు పంపు మోసుకుంటూ, దిగబడిన కాలును మెలితిప్పి పైకి లాగుతూ నడిస్తే ఆ కీలు గతేమిటో ఆలోచించండి.

ఆపరేషన్ ఒప్పుకునే ముందు నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు ఎక్స్‌రే చూపించి రెండో మాట అడగండి. తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం వల్ల కొందరికి ఆపరేషన్ కొన్నేళ్లు వెనక్కి పోతుంది. నొప్పి బిళ్లలు మాత్రం మెడికల్ షాపులో అడిగి ఏళ్ల తరబడి మింగనివ్వకండి, కిడ్నీలు దెబ్బతింటాయి.

చేయించక తప్పదంటే, అడ్వాన్సు కట్టకముందే రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని రాష్ట్ర ప్రభుత్వ వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవలో ఉన్న ఆసుపత్రికి వెళ్లి, అక్కడ ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. పథకం కింద ఈ ఆపరేషన్ మీ కార్డుకు ఎంతవరకు వర్తిస్తుందో అడిగి తేల్చుకోండి. చేరి, డబ్బు కట్టేశాక అడిగితే లాభం ఉండదు. సొంతంగా కట్టాల్సి వస్తే, బిల్లులో ఇంప్లాంటు (మోకాల్లో అమర్చే కృత్రిమ కీలు) ధర విడిగా చూపమనండి. మోకీలు ఇంప్లాంట్లకు కేంద్రం 2017 ఆగస్టులోనే గరిష్ఠ ధరలు పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు నిర్ణయించింది జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు.

తక్కువపడిన మొత్తానికి బ్యాంకులో బంగారం పెట్టండి. కిసాన్ క్రెడిట్ కార్డు డబ్బును ఇటు మళ్లించకండి. పంట రుణం గడువులోపు కడితేనే 3 శాతం రాయితీ పోను మీకు 4 శాతం వడ్డీ. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది.

నెల కూడా చూసుకోండి. పెద్ద పంట కోతలై వడ్ల డబ్బు చేతికొచ్చాక, ఏప్రిల్‌లో చేయించుకుంటే మేలు. ఆ ఏడాది ఎడగారు (పెద్ద పంట తర్వాత వేసే రెండో పంట) పెట్టకండి. మళ్లీ నాట్ల నాటికి గట్టు మీద నిలబడి పని చూసుకునేంత కోలుకుంటారు. బురదలో దిగడం, గొంతుక్కూర్చోవడం మాత్రం ఇక వద్దు. రెండు కాళ్లకూ ఒకేసారా, విడివిడిగానా అన్నది డాక్టరు మాట. విడివిడిగా అంటే ఇల్లు రెండుసార్లు ఆగుతుంది, ఆ ఖర్చూ వేసుకోండి.

ఇన్సూరెన్స్ ఈ ఆపరేషన్‌కు అందదు. ముందే ఉన్న జబ్బుకు కంపెనీలు 3 ఏళ్ల దాకా ఆగమనవచ్చు. మోకాళ్ల సంగతి దాచి తీసుకుంటే క్లెయిమ్ తిరస్కరిస్తారు. కానీ మీ పేరున మాత్రం ఈ ఏడే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయో ఉత్తరంలో ఒక్క మాటైనా రాయలేదు. మిగిలిన బర్రె పాలు ఇప్పుడు గొంతుక్కూర్చుని పిండుతున్నది మీరే అనుకుంటాను. ఈ వారమే ఒక పొట్టి స్టూలు కొనుక్కోండి.