చెల్లెలి సంతకం లేకుండా ఫ్లాటు కొనవచ్చా?

ప్రశ్న: మియాపూర్‌లో ఒక పాత ఫ్లాటు నచ్చింది. ధర 72 లక్షలు. అమ్మే ఆయన తండ్రి 2004లో కొన్నారు, 2021లో చనిపోయారు. తల్లి ఉన్నారు. చెల్లెలు అమెరికాలో స్థిరపడ్డారు. ‘పెళ్లప్పుడే ఆమెకు పసుపు కుంకుమల కింద ఇవ్వవలసిందంతా ఇచ్చేశాం, ఆమెతో పనిలేదు’ అంటున్నారాయన. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీస్తే ఏ చిక్కూ కనిపించలేదు. లీగల్ విషయం తామే చూసుకుంటామని బ్యాంకువారు చెప్పారు. విడిగా లాయరును పెట్టుకుంటే 15,000 అడుగుతున్నారు. మధ్యవర్తి మాత్రం శుక్రవారంలోగా 5 లక్షలు బయానా ఇమ్మని తొందరపెడుతున్నారు. మా దగ్గర 16 లక్షల పొదుపు ఉంది. లాయరు ఖర్చు నిజంగా అవసరమా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అవసరమే. దానికంటే ముందు, శుక్రవారం నాడు ఆ 5 లక్షలు ఇవ్వకండి. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ధర కాదు, ‘ఆమెతో పనిలేదు’ అన్న ఆ ఒక్క మాట.

ఆ ఫ్లాటు తండ్రి స్వార్జితం. వారు హిందువులై, ఆయన వీలునామా రాయకుండా చనిపోయి ఉంటే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకుకు, కూతురికి సమాన వాటాలు వస్తాయి. చనిపోయిన ఆయన తల్లి అప్పటికి బతికి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. కూతురికి పెళ్లిలో ఎంత బంగారం పెట్టారు, ఎంత కట్నం ఇచ్చారు అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఆమె తన హక్కును రిజిస్టరు పత్రం ద్వారా వదులుకుంటే తప్ప ఆ వాటా ఆమెదే. ముగ్గురే వారసులనుకుంటే 72 లక్షల్లో 24 లక్షలు ఆమెవి. మీకు అమ్ముతానంటున్న ఆయన నిజానికి అమ్మగలిగింది తన మూడో వంతు మాత్రమే.

మరి ఈసీలో ఇదెందుకు కనిపించలేదు? చావు రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదయ్యే లావాదేవీ కాదు కాబట్టి. ఈసీలో రిజిస్టరు అయిన దస్తావేజులే కనిపిస్తాయి. మీరు తీసిన కాగితాన్ని మళ్లీ ఒకసారి చూడండి. కొన్నవారి పేరు దగ్గర ఇప్పటికీ ఆ తండ్రి పేరే ఉంటుంది, ఆ తర్వాత ఏమీ ఉండదు. చాలామంది ఆ ఖాళీని చూసి ‘క్లియర్‌గా ఉంది’ అనుకుంటారు. ఆ ఖాళీలోనే ముగ్గురు వారసులు ఉన్నారు.

రెండేళ్ల క్రితం ఒక జంట ఇలాంటి ఫైలుతోనే నా దగ్గరికి వచ్చారు. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ ఫోల్డరులో కాగితాలన్నీ వరుసగా పెట్టుకున్నారు. ఈసీ, పన్ను రసీదు, కరెంటు బిల్లు అన్నీ ఉన్నాయి. ‘అమ్మేవారికి తోబుట్టువులు ఎందరు?’ అని అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పటికే 8 లక్షలు చేతులు మారాయి. తర్వాత ఇద్దరు అక్కలు ఉన్నారని తేలింది. వారిలో ఒకరు సంతకం పెట్టనన్నారు. ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి ఆ దంపతులు పడిన తిప్పలు దగ్గరుండి చూశాను. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

రిజిస్ట్రేషన్ అయిపోతే హక్కు వచ్చేసినట్లే అన్న నమ్మకమూ సరికాదు. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తారు. అమ్మేవారికి అసలు హక్కు ఉందా లేదా అని తేల్చే అధికారం ఆయనకు లేదని 2025లో తమిళనాడుకు చెందిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఇక బ్యాంకు సంగతి. లీగల్ ఫీజు మీ దగ్గరే వసూలు చేసినా, ఆ లాయరు నివేదిక ఇచ్చేది బ్యాంకుకు. చాలాసార్లు దాని ప్రతి కూడా మీకు ఇవ్వరు. బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రత. మీరు సొంతంగా పెట్టే డబ్బు దాని లెక్కలో లేదు. రేపు హక్కు విషయంలో వివాదం వస్తే ఫ్లాటు కోర్టులో ఉంటుంది, ఈఎంఐ మాత్రం మీ ఖాతాలోంచి కట్ అవుతూనే ఉంటుంది. ఈ ధరకు బ్యాంకు ఇవ్వగలిగే 57 లక్షల 60 వేల రుణానికి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు లెక్కవేస్తే అది నెలకు దాదాపు 50,000. మీ లాయరు అడిగే 15,000 అందులో మూడో వంతు కూడా కాదు.

మీ లాయరుతో ఏం చూపించుకోవాలి? తండ్రి పేరున ఉన్న అసలు సేల్ డీడ్, దానికి ముందు ఆ స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే లింకు డాక్యుమెంట్లు, మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం. వీలునామా ఉందంటే దాన్నీ చూపించండి. అది రిజిస్టరు కాకపోయినా చెల్లవచ్చు, కానీ మిగతా వారసులు సవాలు చేసే వీలుంటుంది కాబట్టి వారి సంతకాలూ తీసుకోవడమే మేలు. ఫ్లాటు కనుక స్థలంలో మీకు వచ్చే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో, అనుమతి పొందిన ప్లానులో ఆ అంతస్తు ఉందో లేదో కూడా చూడాలి.

చెల్లెలి సంతకానికి రెండు దారులున్నాయి. ఆమె ముందుగా తన వాటాను అన్నకు రిలీజ్ డీడ్ ద్వారా వదిలేయవచ్చు. ఆ ఖర్చు వారిది, మీది కాదు. లేదా అమ్మకందారుల్లో ఒకరిగా సేల్ డీడ్‌లో చేరవచ్చు. రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున సంతకం పెట్టే అధికారమిచ్చే పత్రం) పంపాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. ఈ గడువు చాలామందికి తెలియదు.

రెండో దారిలో పన్ను మెలిక ఒకటుంది. 50 లక్షలు, అంతకు మించిన ఇల్లు కొన్నప్పుడు అమ్మేవారికి ఇచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ (వారి తరఫున ముందే కోసే పన్ను) పట్టుకుని మీరు కట్టాలి. వాటాదారులు ఎందరున్నా మొత్తం ధరనే చూస్తారు. కానీ ఈ 1 శాతం ఇక్కడ నివసించే తల్లికి, కొడుక్కే వర్తిస్తుంది. ప్రవాసి అయిన చెల్లెలి వాటాకు రేటు చాలా ఎక్కువ, పద్ధతీ వేరు. తక్కువ పట్టుకుంటే ఆదాయపు పన్ను శాఖ అడిగేది మిమ్మల్నే. ఆ వాటా చెల్లించే ముందు ఆడిటరును తప్పక కలవండి.

మీ పొదుపు గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఈ ధరకు బ్యాంకు ఇవ్వగలిగేది 80 శాతం, అంటే 57 లక్షల 60 వేలు. మిగతా 14 లక్షల 40 వేలు మీవి. తెలంగాణలో స్టాంపు సుంకం 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5, మొత్తం 7.5 శాతం. అది 5 లక్షల 40 వేలు. దీన్ని బ్యాంకు ఇవ్వదు. మొత్తం 19 లక్షల 80 వేలు చేతిలో ఉండాలి, మీ దగ్గర 16 ఉన్నాయి. మరమ్మతులు ఇంకా కలపలేదు. ఈ లోటును వ్యక్తిగత రుణంతో పూడ్చుకోవద్దు. ధర తగ్గించమని అడగండి, లేదా వారి కాగితాలు సిద్ధమయ్యేలోగా పొదుపు చేయండి. వారసుల పత్రాలకు ఎలాగూ కొన్ని నెలలు పడుతుంది. ఆ ఆలస్యం మీకు మంచిదే.

బయానా ఇవ్వక తప్పదంటే లక్షకు మించకుండా, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. నగదు వద్దు. ఒప్పందంలో రెండు షరతులు రాయించండి: వారసులందరూ సంతకం చేయకపోయినా, బ్యాంకు రుణం రాకపోయినా ఆ డబ్బు పూర్తిగా తిరిగి ఇవ్వాలి. ఒప్పందం మీద తల్లి సంతకం కూడా ఉండాలి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు అమ్మే ఆయనను చెల్లెలి ఫోను నంబరు అడగండి. ఇవ్వడానికి ఆయన తడబడితే వేరే ఫ్లాటు చూసుకోండి. ఇస్తే ఆమెకు మీరే ఫోను చేసి, ఆ ఇల్లు అమ్ముతున్న సంగతి ఆమెకు తెలుసో లేదో కనుక్కోండి.