విశ్వాసి ఏడవడం అవిశ్వాసమా?

ప్రశ్న: మా అమ్మగారు ప్రభువునందు నిద్రించినప్పుడు నేను ఏడుస్తుంటే, పరలోక నిరీక్షణ ఉన్నవారు ఏడవకూడదని సంఘంలో కొందరు మందలించారు. ఇది వాక్యానుసారమేనా?

జవాబు: కాదండి. వారు మొదటి థెస్సలొనీకయులకు 4:13ను మనసులో ఉంచుకొని అలా అని ఉంటారు. అయితే అక్కడ పౌలు దుఃఖాన్నే నిషేధించలేదు, నిరీక్షణ లేని ఇతరులవలె దుఃఖపడవద్దన్నాడు. క్రీస్తు కోసం చంపబడిన స్తెఫనును సమాధి చేసినవారు భక్తిగల మనుష్యులని చెప్పిన అపొస్తలుల కార్యములు 8:2, వారు అతని కోసం బహుగా ప్రలాపించారని కూడా చెబుతుంది. తమ ఊరైన సిక్లగు కాల్చబడి, భార్యాపిల్లలు చెరపట్టబడ్డారని చూసి దావీదూ అతని మనుషులూ ఇక ఏడ్చే శక్తి లేకపోయేంతగా ఏడ్చారు.

అన్నిటికన్నా యోహాను 11వ అధ్యాయాన్ని నిదానంగా చదవండి. చనిపోయిన లాజరును తిరిగి బ్రతికించి లేపబోతున్నానని ముందే ఎరిగిన యేసు, లాజరు సోదరి మరియ తన పాదాలమీద పడి ఏడుస్తుంటే ఆమెను గద్దించలేదు, ఏడుపు మానమనలేదు; అతన్ని ఎక్కడ ఉంచారని అడిగి, సమాధి దగ్గరకు చేరకముందే తానూ కన్నీళ్లు విడిచాడు. కాసేపట్లో తీరిపోయే దుఃఖానికే ప్రభువు ఏడ్చినప్పుడు, తల్లిని పోగొట్టుకున్న మిమ్మల్ని తప్పుపట్టడం నా దృష్టిలో కఠినత్వమే. ఏడ్చేవారితో ఏడవండని రోమీయులకు 12:15 ఆజ్ఞాపిస్తోంది; మీ సంఘంవారు ఆ రోజు చేయవలసింది అదే.