ఆ వెలుగు ఎవరిదో తేల్చుకో, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

పీహెచ్‌డీలో చేరుతున్నావనీ, వెలుగునిచ్చే కర్బన అణువుల మీద పని అనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు ల్యాబులో బతికినవాణ్ణి కదా. అడగకపోయినా నాలుగు మాటలు రాయాలనిపించింది.

నువ్వు వెళ్తున్న చోటు చిన్నదేం కాదు. 1933లో టి.ఆర్. శేషాద్రి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడ వాల్తేరులోనే పత్తిపూల రంగుల మీద, మొక్కల్లో దొరికే ఫ్లేవనాయిడ్లు, కౌమరిన్లు అనే పదార్థాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. రేపు యూవీ (అతినీలలోహిత) ల్యాంపు కింద నీకు నీలంగా కనబడే వాటిలో కౌమరిన్ జాతివి ఎన్నో ఉంటాయి. ఆ కొండెక్కేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకో.

చేరేలోపు ఇంట్లో ఒక పని చెయ్యి. చిటికెడు పసుపు స్పిరిట్‌లో కలిపి, తేరిన తర్వాత పైదాన్ని చిన్న గాజు సీసాలోకి ఒంపు. లైట్లన్నీ ఆర్పి యూవీ కాంతిలో చూడు. ఆకుపచ్చ కలిసిన పసుపు వెలుగు వస్తుంది. అందులోంచి రెండు చుక్కలు మంచినీళ్లలో వేసి చూడు, వెలుగు బాగా తగ్గిపోతుంది. అణువు అదే, చుట్టూ ఉన్నవాళ్లు మారారు. నీ పరిశోధనలో సగం ఇదే.

మిగతా సగం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అక్కడే నేను దెబ్బతిన్నాను. చేరిన రెండో ఏడు నా కాంపౌండ్ ఒకటి 430 నానోమీటర్ల దగ్గర చక్కటి నీలం వెలుగు ఇచ్చింది. నాలుగు నెలలు దాని చుట్టూనే తిరిగాను. ఒకరోజు సీనియర్ ఒకాయన, ‘బ్లాంక్ ఎప్పుడు తీశావు?’ అని అడిగాడు. బ్లాంక్ అంటే కాంపౌండ్ కలపని ఒట్టి సాల్వెంట్, అంటే కరిగించే ద్రవం, రీడింగు. అది పోసి తీస్తే అదే నీలం! ద్రావణం పోసి కొలిచే చిన్న గాజు పాత్రని, అదే క్యువెట్‌ని, రోజూ జేబురుమాలుతో తుడిచేవాణ్ణి. ఆ రుమాలు ల్యాంపు కింద పెడితే పుచ్చపువ్వు వెన్నెలలా వెలిగింది. తెల్లబట్టలకి మెరుపు కోసం వేసే పొడి అది. అంతకాలం నేను కొలిచింది మా అమ్మ బట్టలుతికిన చాకిరీని.

అందుకని రోజూ మొదటి రీడింగు బ్లాంక్‌దే కావాలి. తర్వాత ఎక్సైటేషన్‌ని, అంటే అణువు మీద వేసే కాంతి తరంగదైర్ఘ్యాన్ని, పది నానోమీటర్లు జరిపి చూడు. వెలుగు ఎక్కువగా వచ్చే చోటు, అదే పీకు, కూడా అలాగే జరిగిందంటే అది నీ అణువుది కాదు, చెదిరిన కాంతి. నీళ్లని 350 నానోమీటర్ల దగ్గర ఎక్సైట్ చేస్తే 397 ప్రాంతంలో ఒక బుడిపె వస్తుంది. అది నీళ్ల రామన్ పీకు, నీళ్లే చెదరగొట్టిన కాంతి. కొత్తవాళ్లు దాన్ని తమదే అనుకుని మురిసిపోతారు. అన్నిటికన్నా గట్టి పరీక్ష ఎక్సైటేషన్ స్పెక్ట్రమ్, అంటే ఏ కాంతి వేస్తే ఎంత వెలుగు వస్తుందో చూపే గీత. అది నీ కాంపౌండ్ అబ్జార్ప్షన్‌తో, అంటే అది ఏ కాంతిని ఎంత మింగుతుందో చూపే గీతతో, కలిసి నడవాలి. కలవకపోతే లోపల ఇంకెవరో ఉన్నట్టే.

ఇది ప్రపంచాన్నే తిప్పలు పెట్టిన సంగతి. ల్యాంపు ఆర్పాక కూడా కాసేపు వెలిగే, కార్బజోల్ అనే కర్బన అణువుతో చేసిన పదార్థాల మీద ఎన్నో ఏళ్లు ఎందరో పనిచేశారు. బజార్లో కొన్న కార్బజోల్‌లో అర శాతం కూడా లేని ఒక ఐసోమర్ (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న అణువు) వల్లే ఆ వెలుగని సింగపూర్ వాళ్లు 2021లో అచ్చయిన పేపర్లో చూపించారు. కార్బజోల్‌ని తామే తయారుచేసుకుని వాడితే ఆ వెలుగు నిలవలేదు. కాబట్టి ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం చూసే పరీక్ష) శుభ్రంగా ఉందని ఊరుకోకు. ఇంకోసారి క్రిస్టలైజ్ చేసి, అంటే స్ఫటికాలుగా తీసి శుద్ధిచేసి, కొలువు. అంకె మారిందంటే పని ఇంకా ఉందన్నమాట.

అలాగని వింతగా కనబడ్డ ప్రతిదాన్నీ మలినం కింద కొట్టెయ్యకు. హాంకాంగ్‌లో బెన్ జాంగ్ టాంగ్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబులో టీఎల్‌సీ ప్లేటు (పదార్థాల్ని విడదీసి చూసే సిలికా పూసిన పలక) మీద పెట్టిన స్పాటు తడిగా ఉన్నప్పుడు కనబడలేదు, ఆరాక వెలిగింది. మామూలుగా జరిగేదానికి అది పూర్తిగా తలకిందులు. గుమిగూడితే ఆరిపోవలసిన అణువులు గుమిగూడితేనే వెలిగాయి. 2001లో ఆ పేపరు వచ్చాక ఒక కొత్త శాఖే పుట్టింది. నువ్వూ ప్లేటుని తడిగా ఒకసారి, ఆరాక ఒకసారి చూడు. రెండూ నోటుబుక్కులో రాసుకో.

క్వాంటమ్ యీల్డ్ (మింగిన కాంతిలో ఎంత వెలుగుగా తిరిగొస్తుందో చెప్పే అంకె) తీసేటప్పుడు అబ్జార్బెన్స్, అంటే ద్రావణం కాంతిని మింగే కొలత, 0.1 దాటనివ్వకు. పోల్చుకోవడానికి ప్రమాణంగా వాడే క్వినైన్ సల్ఫేట్‌కి 0.54 రావాలి. అది రాకుండా నీ కాంపౌండ్ అంకెని నమ్మకు.

మన ఊరి గాలి సంగతి నీకు తెలిసిందే. సముద్రపు తేమకి సిలికా ఇట్టే చెమ్మగిల్లి, నిన్న పైకెక్కిన స్పాటు ఇవాళ ఇంకోచోట ఆగుతుంది. ప్లేట్లని 110 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచి వాడుకో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ల్యాబు కిటికీలు పగిలి వాన లోపలికి కొట్టింది. మార్కర్‌తో రాసిన చీటీలన్నీ తెల్లగా కడుక్కుపోయాయి, పెన్సిల్‌తో రాసినవి మిగిలాయి. పేరు తెలియని ఆ సీసాల్ని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసిన రోజు నేను మర్చిపోలేను. నువ్వు పెన్సిల్‌తో రాయి. ప్రతి కాంపౌండ్‌లో కొంచెం ఇంకో గదిలో దాచు.

యూవీ కళ్లద్దాలు పెట్టుకోకుండా ల్యాంపు ముట్టుకోకు, తల్లీ. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

నా పాత 365 నానోమీటర్ల యూవీ ల్యాంపు మీ అమ్మతో పంపిస్తున్నాను. ట్యూబు కొత్తది వేయించాను. స్విచ్ నొక్కాక ఒక నిమిషం ఆగాలి, అప్పుడు గానీ పూర్తిగా అందుకోదు. ముందు పసుపు చూడు, తర్వాత నీ రుమాలు చూడు. ఏం కనబడిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య